ఎదురుగా కూర్చుని వినే మనిషి

గత వారం సిరిసిల్లలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా కరెంటు పోయింది. ఆ ఊళ్లో కరెంటు పోతే ముందు తెలిసేది చీకటి కాదు, నిశ్శబ్దం. వీధి పొడవునా తలుపుల వెనక మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు, ఒకటే పనిగా కొట్టుకుంటూ ఉంటాయి. కాసేపు కూర్చుంటే ఆ మోత మన చెవికి ఆనడం మానేస్తుంది. అది ఆగాకే ఎంత పెద్దదో తెలుస్తుంది. వేడెక్కిన మోటారు నూనె వాసన, నూలు దుమ్ము వాసన అప్పుడే వీధిలోకి వచ్చినట్టు ముక్కుకు తగిలాయి. ఎవరి ఇంట్లోనో పంపు కింద బిందె నిండుతోంది. నేను ఆ ఇంటికి వెళ్లింది ఒక వార్త పని మీద. కానీ కరెంటు వచ్చేదాకా నా మనసు ఆ వార్త మీద లేదు. రాజమల్లు సారు మీద ఉంది, ఆయనతో గోదావరిలో గడిపిన ఒక దీపావళి పగటి మీద ఉంది.

మాది కోరుట్ల. డిగ్రీ చదివాక జగిత్యాలలో ఒక దినపత్రిక కార్యాలయంలో చేరాను. కార్యాలయమంటే ఎరువుల దుకాణం పైన రెండు గదులు. చుట్టుపక్కల మండలాల విలేకరులు పంపే వార్తలను దిద్ది పెద్దాఫీసుకు పంపేవాళ్లం. అక్కడ ఇన్‌చార్జి రాజమల్లు సారు. పొడుగ్గా, కొంచెం వంగి, చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు పొట్లంతో ఉండేవారు. మొదటి రోజు ఆయన కుర్చీ వెనక నిలబడి నా పేరు చెప్పాను. బదులు రాలేదు. మళ్లీ చెప్పాను. ఆయన ఏదో రాసుకుంటూ ఉండి, నా నీడ కాగితం మీద పడ్డాక తల తిప్పారు.

"ఎన్క నిలవడి మాట్లాడకు బిడ్డా. ముంగటికి రా. కూసో. మొఖం మొఖం జూసుకుంట మాట్లాడుదాం."

కఠినమైన మనిషి అనుకున్నాను. ఎదురుగా కూర్చున్నాక మాత్రం ఆయన నన్ను వదల్లేదు. మా నాన్న ఏం చేస్తాడు, కోరుట్ల బస్టాండు దగ్గర మిర్చీ బజ్జీలు ఇప్పటికీ బాగుంటాయా, ఈ పనిలోకి ఎందుకు వచ్చావు, అన్నీ అడిగారు. అడిగినంతసేపూ చూపు నా ముఖం మీదే. అంతకు ముందు నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజు ఇంటికి వెళ్లి మా అమ్మతో, "మా సారు నన్ను పెద్దమనిషిని చూసినట్టు చూస్తున్నడమ్మా" అన్నాను.

సారు సిరిసిల్ల నేత కుటుంబంలో పుట్టారు. వాళ్ల నాన్న చేతిమగ్గం వదిలి సాంచాల మీద కూలికి వెళ్లేవారు. చదువుకునే రోజుల్లో సారు కూడా ఆ షెడ్డులోనే పనిచేశారు. సాంచాల మోతలో అరిచి లాభం లేదు, అందుకే అక్కడివాళ్లు అరవరు. పెదవులు కదిలిస్తారు, చేత్తో ఒక సైగ చేస్తారు. షెడ్డు ఆ కొసన ఉన్నవాడు బీడీ కావాలని పెదవులు కదిలిస్తే ఈ కొసన ఉన్నవాడు విసిరేసేవాడట. సారు భార్య భాగ్యక్క అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. వాళ్ల పెళ్లి మాటలు కూడా అక్కడే నడిచాయి.

"మీ సారు పెండ్లి చేసుకుంటవా అని అడిగితే షెడ్డుల ఒక్కలకు ఇనవడలే. నాకే కనవడ్డది," అనేది భాగ్యక్క. "ఆనాడు మొఖం అటు తిప్పుకొని ఉంటే అయిపోవు. తిప్పుకోకపోతి."

"తిప్పుకున్నా ఇడుస్తునా? అటే వచ్చి నిలవడుదు," అనేవారు సారు.

ఈ విద్య పత్రికలో ఎలా పనికొస్తుందో ఒకసారి కళ్లారా చూశాను. జగిత్యాలలో ఒక సభ జరుగుతోంది. వేదిక మీద ఒక నాయకుడు ఫలానా ఊరి చెరువుకు నీళ్లు వదులుతామని గట్టిగా చెబుతుంటే, వెనక కుర్చీల్లో ఉన్న ఇద్దరు అధికారులు గుసగుసలాడుకుంటున్నారు. సారు వాళ్లనే చూస్తూ నాతో అన్నారు: "కాలువ తూము పాడై ఉన్నదట. నీళ్లు ఎట్ల పోతయని నవ్వుకుంటున్నరు."

నా చేతులు ఆగలేదు. ఇది పెద్ద వార్త, రాసేద్దాం సారూ అన్నాను.

"వాళ్లు మనకు చెప్పిన్రా?"

"లేదు గని, మీకు కనవడ్డది కదా."

"కనవడ్డది. మనకు చెప్పంది మనది కాదు బిడ్డా. పొద్దుగాల్ల బస్సెక్కి ఆ ఊరికి పో. తూము జూడు. అక్కడి మనుషుల్ని అడుగు. వాళ్లు చెప్తే రాయి."

మర్నాడు వెళ్లాను. తూము నిజంగానే విరిగి ఉంది. గట్టు మీద గేదెలు మేపుతున్న ఒక అవ్వ నాకు ఆ తూము కథంతా చెప్పింది, ఎప్పుడు విరిగిందో, ఎవరెవరు వచ్చి చూసి వెళ్లారో. సభలో గుసగుసను పట్టుకుని రాసి ఉంటే నాలుగు వాక్యాలయ్యేది. ఆ అవ్వ వల్ల అరపేజీ అయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే కొత్త తూము పెట్టారు.

నేను చేరిన కొన్నేళ్లకు సారులో ఒక కొత్త పట్టుదల మొదలైంది. విలేకరులు ఫోనులో వార్త చెబితే తీసుకునేవారు కాదు. "ఫోన్ల సగం మాటే వస్తది, సగం మనిషి ఆడ్నే ఉంటడు. ఇటు రా" అనేవారు. కోరుట్ల విలేకరి రఫీకి ఇది పెద్ద బాధ. సాయంత్రం అయ్యేసరికి బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చేవాడు.

"సారూ, నా సగం జిందగీ బస్సులనే అయిపోతున్నది. పెండ్లి సంబంధం కూడ కండక్టరే చూస్తనంటున్నడు."

"మంచిగనే ఉంటది. టికెట్ల పైసలన్న మిగులుతయి," అనేవారు సారు, అతని నోటి వైపు చూస్తూ.

అందరూ దాన్ని క్రమశిక్షణ అనుకున్నారు. నిజానికి అలా రావడం వల్ల వార్తలు బాగుపడ్డాయి కూడా. ఎదురుగా కూర్చుని చెబుతుంటే రఫీ మర్చిపోయిన సంగతులన్నీ సారు బయటికి లాగేవారు. కానీ పక్క కుర్చీలో కూర్చునేదాన్ని కాబట్టి నాకు వేరే సంగతి అర్థమైంది. ఫోను మోగినా ఆయన తలెత్తడం లేదు. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. ఒకరోజు నేను ధైర్యం చేసి, గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రమే కదిలించి, "చెవులు వినిపిస్తలేవా సారూ?" అని అడిగాను.

ఆయన కలం మూత పెట్టారు. తర్వాత ఆయనా గొంతు లేకుండానే, "సాంచాల కాడ పోయినయ్. కొద్దికొద్దిగ పోయినయ్. ఎవ్వలకు చెప్పకు" అన్నారు.

డాక్టరు ఇచ్చిన యంత్రం పెట్టుకుంటే చెవిలో మళ్లీ సాంచా నడిచినట్టుందని దాన్ని డబ్బాలో పెట్టేశారట. ఆయన భయమంతా ఉద్యోగం గురించే. ఈ పని తప్ప ఆయనకు ఇంకో లోకం లేదు. వినలేని విలేకరిని ఎవరు ఉంచుకుంటారు? అప్పటి నుంచి ఫోన్లన్నీ నేనే తీసుకుని, ఎదురుగా కూర్చుని ఆయనకు పెదవులతో చెప్పేదాన్ని. కానీ నేను లేని వేళల్లో వచ్చే ఫోన్లను ఆపలేకపోయాం. జగిత్యాలలో ఫోనెత్తరని పెద్దాఫీసులో పేరు పడింది. చివరికి ఎడిషన్ బాధ్యుడు వేణుగారు స్వయంగా వస్తున్నారని కబురు వచ్చింది. మా సారు కన్నా బాగా చిన్నవాడు, వరంగల్ వైపు మనిషి. జగిత్యాల ఇన్‌చార్జిని మార్చే ఆలోచనలో ఉన్నారని రఫీ ఎక్కడో విని వచ్చి చెప్పాడు.

ఆయన వచ్చేది దీపావళి రోజుకు. పత్రికకు సెలవు. ఆ సెలవు రోజున సారుకు ఒక ఆనవాయితీ ఉండేది. ధర్మపురి వెళ్లి, గంగారాం పడవ మాట్లాడుకుని, మమ్మల్నందరినీ ఎక్కించుకుని పగలంతా గోదావరిలో తిప్పేవారు. పడవలో వార్తల ముచ్చట ఉండకూడదు, ఆఫీసు ముచ్చట అసలే ఉండకూడదు. ఆ ఏడు వేణుగారిని కూడా రమ్మన్నారు.

"సారూ, ఆయినె వస్తున్నదే మిమ్మల్ని జూడనీకి. పడవల తీస్కపోతరా?" అన్నాను.

"పడవల ఇంజన్ ఉంటది కద బిడ్డా. ఆ మోతల అందరు నా లెక్కనే అయితరు," అని నవ్వారు.

వానలు మంచిగా పడ్డ ఏడు అది. ధర్మపురి దగ్గర దక్షిణానికి మళ్లే గోదావరి గట్ల నిండుగా, తొందరేమీ లేనట్టు పోతోంది. స్నానాల రేవులో జనం తలలు, తడి చీరల రంగులు మెల్లగా వెనక్కి వెళ్లాయి. గంగారాం ఇంజన్ తిప్పగానే పడవ చెక్కలన్నీ వణికాయి. ఆ మోతలో మేము ఒకరి చెవిలో ఒకరం అరుచుకుంటున్నాం. సారు ఒక్కరే హాయిగా, సొంత ఊరికి వచ్చినట్టు కూర్చున్నారు. రఫీ పడవ ఆ చివర నుంచి భాగ్యక్కతో ఏదో అంటే ఈ చివర నుంచి సారు జవాబిచ్చారు. వేణుగారు ఆశ్చర్యపోయి, "నాకు పక్కనున్నవాళ్లదే వినపడటం లేదు, ఈయనకు అంత దూరం ఎలా వినిపించిందండీ?" అని నా చెవిలో అరిచారు. ఇక సారు గట్టెక్కుతారనుకున్నాను.

సారు ఆ రోజు మమ్మల్ని నదిని చూడమన్నారు. వంతెనలు లేని కాలంలో ఎండాకాలం ఇసుక మీదుగా ఎడ్లబండ్లు దాటిన రేవు చూపించారు. అడవిలో కొట్టిన కలపను తెప్పలుగా కట్టి ఈ నీళ్ల మీద వదిలేవాళ్లని వాళ్ల తాత చెప్పేవాడట. సిరిసిల్ల నేతగాళ్లు చీరలు మూటగట్టుకుని ఈ రేవు దాటి అవతలి ఊళ్లలో అమ్ముకుని వచ్చేవాళ్లట. "వాగు గాదు ఇది, బాట," అన్నారు. నీటికాకులు రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అవతలి గట్టున మొక్కజొన్న కోసిన చేలు, ఒక ట్రాక్టరు, బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు. ఏ పనీ లేకుండా అలా చూస్తూ పోవడం మా ఉద్యోగంలో మాకు అలవాటు లేనిది. కాసేపటికి వేణుగారు కూడా చేతి గడియారం చూడటం మానేశారు.

కానీ వేణుగారు మాట్లాడినప్పుడల్లా నేను సారు వైపే చూశాను. ఆయన ఏదడిగినా సారు చిన్నగా నవ్వి ఊరుకుంటున్నారు, లేదా నా వైపు చూస్తున్నారు. నేను వెంటనే పెదవులతో ఆ మాటను అందిస్తున్నాను. ఎందుకిలా అవుతోందో అర్థం కాలేదు. రఫీ మాట అంత దూరం నుంచి అందిన మనిషికి, ఎదురుగా ఉన్న వేణుగారి మాట ఎందుకు అందడం లేదు?

మధ్యాహ్నం సారు చెప్పులు విప్పి, పడవ ముందు భాగాన మడిచిన జంపఖానా మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేశారు. ముఖం నది వైపు ఉంది. నేను పక్కన కూర్చున్నాను. వెనక భాగ్యక్క సర్వపిండి, పులిహోర విప్పుతోంది. అన్నం తినే వేళకు పడవను ఊరికే తేలనివ్వడం గంగారాం అలవాటు. అతను ఇంజన్ ఆపేశాడు.

నది ఒక్కసారిగా చాలా పెద్దదైనట్టు అనిపించింది. పడవ అంచుకు తగిలే నీళ్లు, ఎక్కడో ఒక పిట్ట, అంతే. కాళ్లు నీళ్లలో ఉన్న సారుకు చెక్కల వణుకు ఆగిన సంగతి తెలియలేదు. ఇంజన్ మోతలో నా ఒక్కదానికే వినిపించేంత గొంతుతో, అంటే ఇప్పుడు రెండు గట్లకూ వినిపించేంత గొంతుతో, నాతో తన గోడు చెప్పుకున్నారు:

"గీ పిలగాడు మంచోని లెక్కనే ఉన్నడు గని బిడ్డా, ఆయినె ఏమంటున్నడో నాకు ఒక్క ముక్క సమజైతలేదు! అంతంత మీసాలు పెంచి పెదవులు దాచుకున్నడు! గా మీసాలు గొరిగిస్తే గని నా నౌకరి నిలవడది!"

రఫీ చేతిలో సర్వపిండి ముక్క నోటి దాకా వచ్చి ఆగింది. గంగారాం నీళ్ల వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నేను సారు ముఖం వైపు వంగి, "ఇంజన్ బంద్ అయింది సారూ" అని పెదవులు కదిలించాను. ఆయన కాళ్లు పైకి తీసుకున్నారు. అరచెయ్యి చెక్క మీద ఆనించి చూశారు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగారు.

వేణుగారి చెయ్యి తెలియకుండానే మీసం మీదికి వెళ్లింది. "ఎన్నాళ్ల నుంచి రాజమల్లు గారూ?" అన్నారు. సారు నా వైపు చూశారు. నేను చెప్పబోతే ఆయన చేత్తో వారించి, వేణుగారి ఎదురుగా వచ్చి మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

"పడవల ఆఫీసు ముచ్చట వద్దని నేనే పెట్టిన. నేనే తప్పుతున్న. నాకు చెవులు పోయినయ్ సార్. మీరు ఏం అనుకొని వచ్చిన్రో గది నా మొఖం మీద చెప్పుండ్రి. జర మీసం పైకి వట్టుకొని చెప్పుండ్రి."

భాగ్యక్క పులిహోర గిన్నె పక్కన పెట్టింది. "అయితె ఇగ ఇంటికి పంపుతరా అయ్యా? పంపితే నాకు పరేషాన్. ఈయినెతోని లొల్లి పెట్టుకోవాల్నంటే రోజంత ముంగట్నే నిలవడాలె నేను," అంది. నవ్వుతూనే అంది కానీ కొంగు వేలికి చుట్టుకుంటోంది.

వేణుగారు నిజంగానే రెండు వేళ్లతో మీసం పైకి పట్టుకున్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. "ఫోనెత్తని ఇన్‌చార్జితో డెస్కు నడవదు రాజమల్లు గారూ. అది మార్చక తప్పదు," అన్నారు.

సారు తలూపారు. ఎప్పటి నుంచో లోపల తయారుగా ఉన్న మాటలా, నెమ్మదిగా చెప్పారు. "కుర్సీ ఈ బిడ్డకు ఇయ్యుండ్రి. చానా రోజుల సంది నడుపుతున్నది గామెనే. నాకు ఊర్లు ఇయ్యుండ్రి. మా సిరిసిల్ల దిక్కు ఎల్లారెడ్డిపేట, గంభీరావుపేట, వీర్నపల్లి, ఎక్కడికన్న పోత. ఎదురుంగ కూసున్న మనిషి ముచ్చట నాకు మంచిగనే అందుతది."

"మీరు నేర్పిన అమ్మాయి కింద పనిచేస్తారా?"

"అంతకంటె మంచి ఇన్‌చార్జి నాకు యాడ దొరుకుతది సార్? ఎట్ల మాట్లాడాల్నో గామెకు ఎర్కే."

వేణుగారు అప్పుడు ఏ మాటా ఇవ్వలేదు. పులిహోర తిన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గంగారాంను అడిగి ఇంజన్‌ను నెమ్మదిగా నడిపించి, సారు ఎదురుగానే కూర్చుని, రేవు వచ్చేదాకా ఏదేదో అడుగుతూనే ఉన్నారు. రేవులో దిగేటప్పుడు భాగ్యక్క తొందరపెట్టింది, పొద్దుగూకక ముందే ఇంటికి చేరి దీపాలు పెట్టాలని.

ఆయన అడిగినట్టే ఆ నెలలోనే ఆదేశం వచ్చింది. నేను సారు కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకోక కొన్నాళ్లు పక్క బల్ల మీదే పనిచేశాను. ఆయనే ఒక పొద్దున నా సంచి తీసుకెళ్లి ఆ కుర్చీలో పెట్టారు. తర్వాత పదవీ విరమణ దాకా బస్సుల మీద తిరిగారు. ఆయన రాసిన వాటిలో ఉత్తమమైనవి ఆ ఏళ్లలోనివే. వలస పోయివచ్చిన కూలీలు, ఎండిన బావులు, సాంచాల దగ్గరే ముసలివాళ్లైన మనుషులు, వాళ్ల మాటలు వాళ్లు అన్నట్టే వచ్చేవి. వేణుగారు తర్వాతి సారి జగిత్యాల వచ్చినప్పుడు మీసం సన్నగా కత్తిరించుకుని ఉన్నారు. సారు సోంపు పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టారు.

చివరి ఏళ్లలో సారు సిరిసిల్లలోనే ఉన్నారు. అప్పటికి బొత్తిగా వినిపించేది కాదు. నేను వెళితే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గొంతు లేకుండా గంటలు మాట్లాడుకునేవాళ్లం. వంటింట్లోంచి భాగ్యక్క, "ఏం ముచ్చట పెడ్తున్రో నాకు ఒక్కటి ఇనవడ్తలేదు, నా మీదనేనా?" అని కేకేసేది. పోయిన ఏడు ఆయన నిద్రలోనే వెళ్లిపోయారు.

నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి. అయినా ఎవరైనా తమ కష్టం చెప్పుకోవడానికి వస్తే నా చెయ్యి ముందు కలం వైపు వెళ్లదు. ఫోను బోర్లా పెట్టి, కుర్చీ వాళ్ల వైపు జరుపుకుని కూర్చుంటాను. మాట ఎక్కడ తడబడిందో, ఏ మాట దగ్గర పెదవి వణికిందో, ఏది చెప్పబోయి మింగేశారో, అది చెవికి రాదు. కాసేపటికి వాళ్లు కూడా తలెత్తి నా వైపు చూస్తారు. అసలు సంగతి అప్పుడు మొదలవుతుంది.